మేధో వైకల్య నర్సింగ్ నేర్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. మేధో వైకల్యం, అంటే వయసుకు తగ్గట్టు తెలివి, రోజువారీ పనుల నేర్పు ఎదగని స్థితి ఉన్నవాళ్లను చూసుకునే నర్సు కావాలని నా కోరిక. ఐర్లాండ్‌లో దీనికంటూ నాలుగేళ్ల డిగ్రీ ఉంది. బ్రిటన్‌లో నర్సింగ్‌లోని నాలుగు శాఖల్లో ఇదొకటి. మన దగ్గర విడి శాఖ లేదు. మానసిక ఆరోగ్య నర్సింగ్‌లో, ఆటిజం వంటివాటితో కలిపి ఒక యూనిట్‌లో చెప్పేస్తారు. మేధో వైకల్యం పుట్టుకతోనో పసితనంలోనో మొదలై జీవితాంతం ఉండేది, జబ్బు కాదు. మానసిక జబ్బుల పాఠాల మధ్య ఇరికిస్తే ఏం నేర్చుకుంటాం?

నేర్చుకోవాల్సింది చాలా ఉంది. వీళ్లలో చాలామందికి ఫిట్స్ వస్తాయి. సరిగ్గా మింగలేనివాళ్లకు అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉంటే గుండె, థైరాయిడ్ చూడాలి. అన్నిటికంటే కష్టం, నొప్పి ఎక్కడో వాళ్లు చెప్పలేకపోవడం. మా పిన్ని కొడుకు రెండు రోజులు అన్నం ముట్టకుండా తల గోడకేసి కొట్టుకున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే ‘ఇలాంటి పిల్లలు అంతేనమ్మా’ అని పంపేశారు. ఇంకోచోట చూపిస్తే చెవిలో చీము. ఆ మాటన్న సిస్టర్‌ను నేను తప్పుపట్టను. ఆమెకు ఎవరూ నేర్పలేదు.

వికలాంగుల పింఛను 6,000 రూపాయలు అందుతోంది, పేద ఇంటికి అది పెద్ద ఆసరా. కానీ వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ చేతికొచ్చాక ఆ పిల్లాడి ఒంటి సంగతి పట్టించుకునేది తల్లి ఒక్కతే. ఆ తల్లి టెన్షన్ నేను దగ్గరుండి చూస్తున్నాను.

వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 47 ప్రకారం డాక్టర్ల, నర్సుల చదువుల్లో వైకల్యం ఒక భాగం కావాలి. దానికి కొత్త భవనాలేం అక్కర్లేదు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. పీహెచ్‌సీలకు పంపినట్టే మమ్మల్ని కొన్ని వారాలు అక్కడికి పోస్టింగ్ వేయండి. ఆ పిల్లలకు తినిపించడం, ఫిట్స్ వస్తే చూసుకోవడం, వాళ్ల నొప్పిని గుర్తుపట్టడం అక్కడే నేర్చుకుంటాం. సికింద్రాబాద్‌లో 1984 నుంచి మేధో వైకల్యం మీదే పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆ సంస్థతో మాట్లాడి, డిగ్రీ అయిన నర్సులకు ఒక ఏడాది కోర్సు పెట్టాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే మొదలుపెట్టమని కోరుతున్నాను. అందులో చేరడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

– ఒక నర్సింగ్ విద్యార్థిని, శ్రీకాకుళం