నాలుగు ఆదివారాలు మీ దగ్గర తీసుకున్న జీఎస్టీ తిరిగి ఇస్తున్నాను

పోయిన ఆదివారం సంతలో, పచ్చళ్లు, పొడులు, చిరుధాన్యాలు అమ్మే నా స్టాల్ దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారు ఎప్పటిలాగే తన స్టీలు డబ్బా తెచ్చుకుని రెండు కిలోల రాగి పిండి తూయించుకున్నారు. బిల్లు ఇచ్చాక నిదానంగా చదివి, "అమ్మా, విడిగా తూచి ఇచ్చిన పిండికి జీఎస్టీ ఎక్కడిది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "మిషన్‌లో అలాగే వస్తోందండీ" అన్నాను. ఆ మాట అన్నానే గానీ స్టాల్ సర్దేదాకా మనసు మనసులో లేదు. ఇంటికి రాగానే ఆడిటర్ గారికి ఫోన్ చేశాను.

మాస్టారు అడిగింది పిండి గురించే. కానీ తప్పు అంతకంటే పెద్దది. నేను మీలో ఎవరి దగ్గరా, ఏ సరుకు మీదా జీఎస్టీ విడిగా తీసుకోకూడదు. అయినా నాలుగు ఆదివారాలు ప్రతి బిల్లులో 5 శాతం వేశాను. మొత్తం 9,340 రూపాయలు.

ఇది ఎలా జరిగిందో చెప్తాను. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్ల ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరిమితి 40 లక్షలు, మనకు సగమే. పచ్చళ్లు, పొడులు కలిపి నా అమ్మకం 14 లక్షలే కదా అని నేను ధీమాగా ఉన్నాను. సంచిలోంచి తూచి ఇచ్చే కొర్రలు, సామలు, రాగులకు పన్ను లేదు కాబట్టి అవి లెక్కలోకి రావనుకున్నాను. వస్తాయి. పన్ను ఉన్నవీ లేనివీ అన్నీ కలిపే ఆ 20 లక్షలు చూస్తారు. పూర్తిగా పన్ను లేని సరుకే అమ్మేవాళ్లకు ఈ బాధ లేదు. నాలా రెండూ అమ్మేవాళ్లకు ఉంటుంది. జనవరిలో లెక్క చూసుకునేసరికి పరిమితి దాటిపోయింది. రిజిస్ట్రేషన్ చేయించి, కాంపోజిషన్ స్కీమ్ తీసుకున్నాం.

ఈ స్కీమ్ ఏడాదికి కోటిన్నర లోపు అమ్మకం ఉన్న చిన్న వ్యాపారాల కోసం పెట్టింది. నాలా సరుకు తయారుచేసి అమ్మేవాళ్లు అమ్మకం మీద 1 శాతం కట్టాలి. అది కూడా మా జేబులోంచే కట్టాలి, కొనేవాళ్ల దగ్గర పన్ను వసూలు చేయకూడదు. ఆ సంగతి బిల్లు పైనే రాయాలి, స్టాల్ ముందు బోర్డు కూడా పెట్టాలి. నేను ఇవేవీ చేయలేదు. బిల్లింగ్ మిషన్ అబ్బాయితో "జీఎస్టీ వచ్చింది, పెట్టేయండి" అన్నాను. అతను అన్నిటికీ 5 శాతం పెట్టేశాడు. అతని తప్పేమీ లేదు. ఏ స్కీమో చెప్పాల్సింది నేను.

ఇప్పుడు డబ్బు సంగతి. పన్ను పేరుతో జనం దగ్గర వసూలు చేసిన సొమ్ము, అది పొరపాటున చేసిందైనా సరే, ప్రభుత్వానికి కట్టాల్సిందేనని చట్టంలో ఉంది. కాబట్టి ఆ 9,340 అక్కడ కడుతున్నాను. మీకు ఇచ్చేది వేరే, మా డబ్బు. ఫోన్‌తో చెల్లించినవాళ్లకు అదే నంబరుకు వేస్తున్నాను, సగం మందికి ఇప్పటికే వేశాను. నగదు ఇచ్చినవాళ్లు స్టాల్ దగ్గర అడగండి. బిల్లు పారేసి ఉంటే ఏం తీసుకున్నారో చెప్తే చాలు.

రెండు ప్రశ్నలు చాలామంది అడుగుతున్నారు. మొదటిది: "2025 సెప్టెంబర్ 22 నుంచి పచ్చళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5కి తగ్గింది కదా, మీరెందుకు తగ్గించలేదు?" అప్పట్లో నాకు రిజిస్ట్రేషనే లేదు. మీ దగ్గర ఆ 12 శాతం ఎప్పుడూ తీసుకోలేదు, అందుకే తగ్గించడానికి అందులో ఏమీ లేదు. రెండోది: "పక్క స్టాల్ రైతు బిల్లులో పన్ను ఉండదేం?" ఆయన సొంత పొలంలో పండించిన కూరగాయలు అమ్ముతున్నారు. సొంత పంట అమ్మే రైతు ఎంత అమ్మినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తాజా కూరగాయలకు ఎవరు అమ్మినా పన్ను లేదు. అవే టమాటాలతో ఆయన పచ్చడి పెట్టి అమ్మితే మాత్రం అది తయారీ సరుకు, అప్పుడు నాకున్న లెక్కే ఆయనకూ వర్తిస్తుంది.

ఇక రాగి పిండి. మాస్టారి మాట నిజమే. 2022 జూలై 18 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం 25 కిలోల లోపు పిండిని ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసి అమ్మితే 5 శాతం పడుతుంది. మీ కళ్ల ముందు తూచి మీ డబ్బాలో పోస్తే ఏమీ లేదు. షాపులో ప్యాకెట్ కొన్నప్పుడు ధరలో తేడా వస్తే అందులో ఇదీ ఒక కారణం.

ఉగాది నుంచి అరకిలో ఆవకాయ 310 నుంచి 330 అవుతుంది. జీఎస్టీ వచ్చింది కాబట్టి పెంచామని చెప్తే ఎవరూ ఇంకో మాట అడగరు. కానీ 330 మీద నేను కట్టే పన్ను 3 రూపాయల 30 పైసలు. పెరిగిన 20 రూపాయల్లో మిగతాదంతా గానుగ నువ్వుల నూనె, గాజు సీసా ఖర్చు. సీసా మీద నేనిచ్చే 18 శాతం, నూనె మీద 5 శాతం ఈ స్కీమ్‌లో నాకు వెనక్కి రావు. అవి ముందు కూడా వచ్చేవి కావు. అంటే ఇది ఖర్చులు పెరిగినందుకు పెంచిన ధరే.

అన్నిటికంటే చెప్పడానికి కష్టంగా ఉన్నది పార్సిళ్ల సంగతి. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. హైదరాబాద్ నుంచి విజయవాడ కూడా ఇప్పుడు వేరే రాష్ట్రమే. సంక్రాంతికి విజయవాడ, బెంగళూరులకు ముప్పై దాకా పార్సిళ్లు పంపాను. వేరే రాష్ట్రానికి పంపితే అమ్మకం ఎంత తక్కువైనా ముందే రిజిస్ట్రేషన్ ఉండాలని అప్పుడు తెలియదు. ఆ లెక్కలు కూడా ఆడిటర్ గారికి ఇచ్చాను, కట్టాల్సింది ఎంత తేలితే అంత కడతాను. మామూలు రిజిస్ట్రేషన్‌కు మారితే మళ్లీ పంపొచ్చు. కానీ పచ్చళ్లూ పొడుల మీద 5 శాతం మీ బిల్లులోకి వస్తుంది, లెక్కలు చూడటానికి మనిషిని పెట్టుకోవాలి. ఈ ఏడాదికి ఆ భారం నేను మోయలేను.

నా పచ్చడి కోసం ఏడాదంతా ఎదురుచూసే విజయవాడ అక్కలకు ఇది చెప్పడం చాలా బాధగా ఉంది. హైదరాబాద్‌లో మీవాళ్లెవరైనా ఉంటే స్టాల్‌కు వచ్చి కొని తీసుకెళ్లవచ్చు, దానికి అభ్యంతరం లేదు. కొత్త ఆవకాయకు బయట ఊళ్ల నుంచి పదకొండు మంది అడ్వాన్సు ఇచ్చారు. అది ఈ సోమవారంలోపు మీ ఖాతాల్లో వేస్తాను.