మంత్రి గారూ, డీ-అడిక్షన్ పేరుతో పిల్లల్ని ఒంటరిగా పెట్టడం ఆపించండి

తెలంగాణ మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్తానండి. ఏటా జూన్ 26, అంటే డ్రగ్స్ వ్యతిరేక దినం వచ్చిందంటే మా స్టూడెంట్స్ కూడా ర్యాలీకి వెళ్తారు, ఫ్లెక్సీ పట్టుకుని నడుస్తారు, డ్రగ్స్ వద్దు అని ప్రతిజ్ఞ చేసి ఫొటో దిగి బస్సెక్కి వచ్చేస్తారు. తప్పు పట్టను, చేస్తే మంచిదే. కాకపోతే మన మాటలన్నీ డ్రగ్ చుట్టూనే తిరుగుతున్నాయి, ఎన్ని కిలోలు పట్టుకున్నారు, ఎవడు అమ్మాడు, ఏ పబ్బులో దొరికారు. ఆ డ్రగ్ ఎలాంటి బుర్రలోకి వెళ్తోంది, ఆ పిల్లాడు చిన్నప్పుడు ఎవరి మధ్య పెరిగాడు అని మాత్రం ఎవరూ అడగరు. శిశు గృహాలు, చిల్డ్రన్ హోములు, అబ్జర్వేషన్ హోములు మీ శాఖ కిందే ఉన్నాయి కాబట్టి మీకే రాస్తున్నా.

2013లో అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీ, ఆస్టిన్ వాళ్ళది ఒక పేపర్ వచ్చింది, న్యూరాన్ అనే జర్నల్లో. ఎలక పిల్లలు 21 రోజులకి తల్లి పాలు మానేస్తాయి, సరిగ్గా అప్పట్నించి కొన్నిటిని ఒక్కోదాన్ని ఒక్కో బోనులో పెట్టారు, మిగతావాటిని గుంపుగా ఉంచారు. తిండి, నీళ్ళు అన్నీ ఉన్నాయి, లేనిదల్లా తోడు. తర్వాత రెండు రకాల ఎలకలకీ యాంఫెటమైన్, కొకైన్ ఇచ్చి, అవి ఏ గదిలో దొరికాయో ఆ గదిని ఎంత త్వరగా గుర్తుపెట్టుకుంటాయో చూశారు. ఒంటరిగా పెరిగినవి తొందరగా నేర్చుకున్నాయి. అదొక్కటే అయితే పెద్ద వింతేం కాదు, కానీ ఆ గదిలో డ్రగ్ ఇవ్వడం ఆపేశాక కూడా దాన్ని మర్చిపోవడానికి వాటికి ఎక్కువ టైం పట్టింది. నాకు నిద్ర పట్టకుండా చేసింది ఇంకో విషయం, మూడు వారాల ఒంటరితనం అయ్యాక వాటిని తీసుకెళ్ళి గుంపులో కలిపేసినా మెదడులో వచ్చిన మార్పు పోలేదు. 21వ రోజు నుంచి 42వ రోజు దాకా, అంటే ఎలక బాల్యం, టీనేజీ మొదలు.

మార్పు అంటే ఏంటంటే, మెదడు మధ్యభాగంలో వీటీఏ అని ఒక చిన్న ప్రాంతం ఉంటుంది, డోపమిన్ తయారు చేసే కణాలు అక్కడ ఎక్కువ. డోపమిన్ అంటే ఆనందం కెమికల్ అని రీల్స్‌లో చెప్తుంటారు, అది సగం మాటే. మంచిదేదో అనుకోకుండా దొరికినప్పుడు "ఇది గుర్తుపెట్టుకో, మళ్ళీ ఇక్కడికే రావాలి" అని మెదడుకి చెప్పే పని కూడా దానిదే. ఆ కణాల మీద ఎన్ఎండీఏ రిసెప్టర్లు అని ఉంటాయి, బయటి సిగ్నల్స్ వాటి ద్వారా వస్తాయి, అనుభవాన్ని బట్టి ఆ కనెక్షన్ బలపడుతుంది. ఒంటరిగా పెరిగిన ఎలకల్లో ఈ బలపడటం మామూలు కంటే ఎక్కువ జరుగుతోంది. దీన్ని నేను అర్థం చేసుకున్నది ఏంటంటే, ఆ మెదడు పాడైపోయింది అనడం కరెక్ట్ కాదు, కొన్నిటిని అతిగా నేర్చేసుకునే మెదడు అయింది, అప్పుడు ఎదురుగా ఉన్నది డ్రగ్ అయితే డ్రగ్‌నే నేర్చుకుంటుంది.

ఎలకలకీ మన పిల్లలకీ ముడిపెడతావా అని ఎవరైనా అడగొచ్చు, అడగాలి కూడా. 1970ల చివర్లో కెనడాలో బ్రూస్ అలెగ్జాండర్ అనే ప్రొఫెసర్ "ర్యాట్ పార్క్" అని ఎలకలకి విశాలమైన ఇల్లు కట్టి, గుంపులో ఉన్న ఎలకలు మార్ఫిన్ నీళ్ళు తక్కువ తాగుతాయని చూపించారు, దాని మీద ఇప్పటికీ వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతాయి, కానీ తర్వాత వేరేవాళ్ళు అదే చేసినప్పుడు ఫలితం ప్రతిసారీ అలాగే రాలేదు. కాబట్టి ఒంటరితనమే అడిక్షన్‌కి కారణం అని నేను అనను. జీన్స్ ఉన్నాయి, పేదరికం ఉంది, సందు చివర దొరికే గంజాయి ఉంది. అయితే ఒంటరిగా పెంచితే డోపమిన్ వ్యవస్థ తేడాగా తయారవుతుందనేది ఒక్క ల్యాబ్ మాట కాదు, చాలా ల్యాబుల్లో కనిపించింది.

ఇక మీకు అసలు పనికొచ్చేది 2018 నాటి పేపర్. అమెరికా ప్రభుత్వ డ్రగ్ పరిశోధన సంస్థ నైడాలో మార్కో వెన్నిరో, యావిన్ షాహమ్ వాళ్ళు హెరాయిన్‌కి, మెథ్ (మెథాంఫెటమైన్) అనే డ్రగ్‌కి అలవాటు పడ్డ ఎలకల ముందు రెండు మీటలు పెట్టారు, ఒకటి నొక్కితే డ్రగ్ వస్తుంది, రెండోది నొక్కితే తలుపు తెరుచుకుని ఇంకో ఎలక కనిపిస్తుంది. దాదాపు ప్రతిసారీ తోటి ఎలకనే ఎంచుకున్నాయి! మరి ఎప్పుడు మళ్ళీ డ్రగ్ వైపు తిరిగాయంటే, తలుపు ఆలస్యంగా తెరిచినప్పుడు, తలుపు మీట నొక్కితే షాక్ కొట్టినప్పుడు.

ఈ ఆలస్యం, ఈ షాక్ మన దగ్గర ఎక్కడ చూశానో చెప్తా. మా స్టూడెంట్ ఒకడి తమ్ముడు, ఇంకా మైనరే, గంజాయి అలవాటైతే ఇంట్లోవాళ్ళు భయపడి ఒక ప్రైవేట్ డీ-అడిక్షన్ సెంటర్లో వేశారు. ఊరు, పేరు చెప్పను. మొదట్లో ఇంటివాళ్ళని చూడనివ్వలేదు, ఫోన్ ఇవ్వలేదు, ఎదురు తిరిగితే ఒక గదిలో ఒక్కడినే పెట్టి తలుపేశారు, "డిసిప్లిన్ సార్" అన్నారు. డ్రగ్ మానాలంటే మనుషులు కావాలి, ఆ మనుషుల్నే ముందు తీసేస్తున్నారు.

ఇది చట్టానికి కూడా విరుద్ధం. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017లో మానసిక అనారోగ్యం అన్న మాటలో మద్యం, మత్తుపదార్థాల వాడకం వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఉన్నాయి, అదే చట్టం సెక్షన్ 97 ప్రకారం అలాంటి మనిషిని ఒంటరి గదిలో బంధించకూడదు. ఇంకో సంగతి వినండి, మా ల్యాబులో ఒక ఎలకని ఒంటరిగా బోనులో పెట్టాలంటే ఎథిక్స్ కమిటీకి కారణం రాసివ్వాలి, వాళ్ళు ఒప్పుకుంటేనే పెట్టాలి. పిల్లాడి విషయంలో వార్డెన్ మూడ్ చాలు.

పసిపిల్లల సంగతి కూడా చూడండి. రుమేనియాలో నియంత చౌషెస్కూ పోయాక అనాథాశ్రమాల్లో వేలమంది పిల్లలు బయటపడ్డారు, తిండి పెట్టేవాళ్ళు ఉన్నారు గానీ ఎత్తుకునేవాళ్ళు లేరు. 2000లో బుకారెస్ట్‌లో 136 మంది పిల్లల్ని తీసుకుని లాటరీ పద్ధతిలో సగం మందిని ఫోస్టర్ కుటుంబాలకి, అంటే వేరేవాళ్ళ పిల్లల్ని తమ ఇంట్లో పెట్టుకుని పెంచేవాళ్ళకి పంపి ఏళ్ళ తరబడి చూశారు, రెండేళ్ళ లోపు కుటుంబంలోకి వెళ్ళినవాళ్ళు మనుషులతో బంధం ఏర్పరుచుకోవడంలో, మెదడు విద్యుత్ తరంగాల్లో బాగా మెరుగయ్యారు. అది డ్రగ్స్ కోసం చేసిన స్టడీ కాదు. అయినా ఎలకల్లోనూ పిల్లల్లోనూ వయసు గడువు ఒకటి ఉందని మాత్రం తెలుస్తోంది. మన దగ్గర మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఫోస్టర్ కేర్‌కి నెలకి 4000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది, మా ఊళ్ళో పదిమందిని అడిగితే ఒక్కరికీ తెలియదు.

2019లో ఎయిమ్స్ వాళ్ళు ఇచ్చిన జాతీయ సర్వే రిపోర్టులో 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 1.17 శాతం మంది ఇన్‌హేలెంట్స్, అంటే పీల్చే మత్తు వాడుతున్నారని ఉంది, పెద్దవాళ్ళ కంటే పిల్లల్లో ఎక్కువగా ఉన్న మత్తు అదొక్కటే. పంక్చర్ షాపు సొల్యూషన్, వైట్‌నర్. రైల్వే స్టేషన్ల దగ్గర గుడ్డలో పోసుకుని పీల్చే పిల్లల్ని మీరూ చూసే ఉంటారు, వాళ్ళలో ఎంతమందికి ఇల్లు ఉందో ఆలోచించండి.

అడిగేది పెద్దదేం కాదు. మీ హోముల్లో ఏ పిల్లాడినీ శిక్షగా ఒంటరిగా పెట్టొద్దని ఒక సర్క్యులర్, డీ-అడిక్షన్ సెంటర్లు హెల్త్ డిపార్ట్‌మెంట్‌వి అని మీ ఆఫీసర్లు అంటారు కాబట్టి ఆ మంత్రి గారితో కలిసి ఇంకొకటి, మైనర్‌ని చేర్చుకున్న మొదటి వారంలోనే ఇంట్లోవాళ్ళో, వాళ్ళు లేకపోతే వాడు నమ్మే మనిషో కలిసేలా. ఇంట్లోనే కొట్టేవాళ్ళుంటే అది వేరే కేసు, అప్పుడు కౌన్సిలర్ చూసి చెప్పాలి. ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళినప్పుడు మీ వాళ్ళు కిచెన్, బాత్రూమ్‌లు చూస్తారు, పాత విజిటర్ల రిజిస్టర్ కూడా తిరగేయమనండి, బయట గడియ ఉన్న గది ఏదైనా ఉంటే తెరిపించి చూడమనండి. నేను చెప్పిన పేపర్లు కావాలంటే ప్రింట్ తీసి మీ పేషీకి తెచ్చిస్తా, అర్థం కాని చోట కూర్చుని చెప్తా కూడా.

ఇట్లు,
ఒక ఫార్మకాలజీ టీచర్