మాత్ర ఇచ్చేచోటే బరువు కూడా చూడండి

సంపాదకులకు,

స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం లాంటి లక్షణాలున్న మానసిక జబ్బు) ఉన్న కుర్రాడు మందులు మొదలెట్టిన నాలుగైదు నెలలకు కాస్త ఒళ్లు చేస్తే మన ఇళ్లలో సంబరపడతారు. "తిండి వంటబట్టింది, ఇక కోలుకున్నట్టే" అంటారు. ప్రభుత్వాసుపత్రిలో మందులిచ్చే కౌంటరు దగ్గర పనిచేసి రిటైరైన నేను ఈ మాట ఎందరో తల్లుల నోట విన్నాను. చాలాసార్లు ఆ ఒళ్లు మాత్ర వల్ల వచ్చిందే. అయినా మాత్రలిచ్చే చోట బరువు చూసే ఏర్పాటు ఉండదు.

మందుల మీద భయం పుట్టించాలని ఇది రాయడం లేదు. ఈ జబ్బుకు హాలోపెరిడాల్ లాంటి పాత మందులు తప్ప గతిలేని రోజుల్లో ఒళ్లు బిగుసుకుపోయి, చేతులు వణుకుతూ, చొంగ కారుతూ వరసలో నిలబడ్డవాళ్లను చూశాను. ఆ బిగుతుకు విరుగుడుగా మరో మాత్ర చేర్చి ఇచ్చేవాళ్లం. రిస్పెరిడోన్, ఓలాంజపిన్, క్వెటియాపిన్ అనే కొత్త మందులు వాడకంలోకి వచ్చాక ఆ అవస్థ చాలామందికి తగ్గింది (రిస్పెరిడోన్ డోసు పెంచితే బిగుతు మళ్లీ రావచ్చు, అది వేరే సంగతి). ఇక క్లోజపిన్. 1975లో ఫిన్లాండ్‌లో అది వాడిన కొందరు తెల్ల రక్తకణాలు పడిపోయి చనిపోవడంతో దాన్ని పక్కన పెట్టేశారు. వేరే మందులకు లొంగని రోగులకు అమెరికాలో మళ్లీ ఇచ్చి చూస్తే నూటికి 30 మందికి గుణం కనిపించిందని 1988లో తేలింది. పాత క్లోర్‌ప్రోమజైన్‌తో నలుగురికే. దాంతో రక్తపరీక్ష తప్పనిసరి అన్న షరతు మీద క్లోజపిన్ తిరిగొచ్చింది. ప్రమాదం ఉందని మందును వదులుకోలేదు, మందుకు పరీక్షను ముడిపెట్టారు. ఒళ్లు పెంచే ఓలాంజపిన్‌కు మనం ఆపాటి ముడి కూడా వేయలేదు.

అమెరికాలో దాదాపు 1,500 మంది మీద జరిపిన అధ్యయనం 2005లో వెలువడింది. అందులో ఓలాంజపిన్ మీద ఉన్నవాళ్లే మందును ఎక్కువకాలం కొనసాగించారు. వాళ్లలోనే నూటికి 30 మందికి బరువు 7 శాతానికి మించి పెరిగింది. ఆ తర్వాత వచ్చేవి షుగరు, కొలెస్ట్రాల్, గుండె జబ్బు. మొదలెట్టేటప్పుడూ, 4, 8, 12 వారాలకూ బరువు చూడాలనీ, మొదట్లోనూ 12 వారాలకూ షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూడాలనీ అమెరికా మధుమేహ, మానసిక వైద్యుల సంఘాలు 2004లోనే చెప్పాయి. తూకం మిషనూ, టేపూ, బీపీ మిషనూ, గ్లూకోమీటరూ మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండేవే. కానీ అక్కడ జరిగే షుగరు, బీపీ స్క్రీనింగు 30 ఏళ్లు నిండినవాళ్లకు. ఈ జబ్బు ఎక్కువమందిలో బయటపడేది ఇరవైల్లో, అంతకు ముందు కూడా. పైగా నెలనెలా చీటీ పట్టుకొచ్చేది తండ్రో అన్నో. రోగి గడప దాటడు. కాబట్టి ఆశా కార్యకర్తో ఏఎన్‌ఎమ్మో ఇంటికే వెళ్లి తూచాలి.

అమ్మాయిల ఇబ్బంది ఇంకొకటుంది. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ వాడేవాళ్లలో కొందరికి నెలసరి ఆగిపోతుంది, రొమ్ముల్లో పాలు పడతాయి. ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరగడం వల్ల జరిగేదే. పెళ్లికాని పిల్లకు ఇలాగైతే తల్లి హడలిపోయి, ఎవరికీ చెప్పుకోలేక, మాత్ర మాన్పిస్తుంది. కొన్నాళ్లకు జబ్బు తిరగబెడుతుంది. నెలసరి సరిగా వస్తోందా అని నర్సు ఒక్కమాట అడిగితే, డాక్టరు డోసు తగ్గించడమో అరిపిప్రజోల్‌కు మార్చడమో చేయగలరు. అరిపిప్రజోల్‌తో కొందరికి కాలు నిలవనంత అసహనం వస్తుంది. అది జబ్బు ముదరడం కాదని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పంపాలి.

క్లోజపిన్ వాడేవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే ఆరోజే రక్తపరీక్ష చేయించాలి. మలబద్ధకాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు, ప్రాణం మీదికి రావచ్చు. ఏ ఇబ్బంది వచ్చినా మాత్ర సొంతంగా ఆపకండి. దగ్గర్లో మానసిక వైద్యులు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

ప్రభుత్వ అత్యావశ్యక మందుల జాబితాలోని మానసిక వ్యాధుల మందులను సామాజిక ఆరోగ్య కేంద్రాల నుంచి పైస్థాయి ఆసుపత్రులన్నిటిలో ఉచితంగా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మంచిదే. ఆ మందులు రాసిచ్చే పుస్తకంలోనే బరువు, నడుము చుట్టుకొలత, షుగరు, బీపీలకు నాలుగు గళ్లు గీయించి, అవి నింపే బాధ్యత ఎవరిదో తెలుపుతూ రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ఉత్తర్వు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఫార్మసిస్టు, తెనాలి