శరీర కార్యాల జాబితా మూడింటితో ఆగదు

సంపాదకుడు గారికి,

ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు ఉపవాస ప్రార్థనలతో గడిపే నలభై రోజుల శ్రమదినాల సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో శరీరేచ్ఛలను జయించడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. నగరంలో ఈ నలభై రోజులూ నేను వింటున్న ప్రసంగాల మాదిరిగానే అది కూడా శరీరమంటే కామమొక్కటే అన్నట్టు సాగింది.

గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో అపొస్తలుడు పౌలు చెప్పిన శరీర కార్యాలు, అంటే శరీర స్వభావం చేయించే పాపాలు, మన తెలుగు బైబిలులో జారత్వము, అపవిత్రత, కాముకత్వములతో మొదలవుతాయి. విగ్రహారాధన, అభిచారము దాటాక ద్వేషములు, కలహము, మత్సరములు, క్రోధములు, కక్షలు, భేదములు, విమతములు, అసూయలు అని వరుసగా ఎనిమిది వస్తాయి. మొదటి మూడింటి మీద గంటసేపు మాట్లాడే ప్రసంగీకులు ఈ ఎనిమిదింటి దగ్గరికి వచ్చేసరికి గడియారం చూసుకుంటారు.

మొన్న శుక్రవారం సాయంత్రం సికింద్రాబాద్‌లో మా చర్చిలో ప్రసంగమంతా యౌవనస్థుల బెంచీల వైపు చూస్తూనే సాగింది. ఆశీర్వచనం ముగిసి పది నిమిషాలైనా కాకముందే, ఆవరణలోని వేపచెట్టు కింద, కమిటీ ఎన్నికల నామినేషన్ల విషయమై రెండు వర్గాల పెద్దలు చొక్కాలు పట్టుకున్నారు. ఒకాయన చంకలో బైబిలు అలాగే ఉంది. లోపల తల దించుకుని కూర్చున్న పిల్లలు గేటు దగ్గర నిలబడి అదంతా చూశారు.

లేఖనాలు మనిషి కోరికను దాచలేదు. బైబిలులోని ప్రేమకావ్యమైన ఎనిమిది అధ్యాయాల పరమగీతములో ఒక అమ్మాయి తన ప్రియుడిని వెతుక్కుంటూ రాత్రివేళ వీధుల్లో తిరిగి కావలివాళ్ల చేత దెబ్బలు తింటుంది. దానిని క్రీస్తుకూ సంఘానికీ మధ్య ప్రేమగా చెప్పే వ్యాఖ్యానం పాతదే, నేను కాదనను. కానీ ఆ అధ్యాయాలను ప్రసంగ వేదిక మీద ఎవరైనా చదవగా నేను ఇంతవరకు వినలేదు. అందరూ తనలాగే ఒంటరిగా ఉంటే బాగుండునన్న పౌలే ఆ వరం అందరికీ లేదని ఒప్పుకుని, దంపతులు ప్రార్థన కోసం ఎడంగా ఉన్నా అది ఇద్దరి సమ్మతితో, కొంతకాలమే ఉండాలని కొరింథీయులకు రాశాడు. పరిశుద్ధాత్మకు ఆలయమని ఆయన చెప్పినదీ ఈ దేహాన్నే.

ఇక ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనమన్న మాటను యువకులను హెచ్చరించడానికే వాడుతున్నారు. తనను పట్టుకున్న రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఆ మాట అన్నది నిద్ర ఆపుకోలేకపోయిన శిష్యుడు పేతురుతో. అప్పటికి యేసు కూడా వీలైతే ఆ శ్రమల గిన్నె తన నుండి తొలగిపోవాలని తండ్రిని అడిగి వచ్చాడు. ఆ తోటలో శిష్యులు మళ్లీ మళ్లీ నిద్రపోయారు. ఆయన ఒక్కరినీ వెళ్లగొట్టలేదు.

కాబట్టి అదే శీర్షికలో ఆ మిగిలిన ఎనిమిదింటి మీద కూడా ఒక వ్యాసం వేయించవలసిందిగా కోరుతున్నాను. వీలైతే మంచి శుక్రవారం లోపలే వేయించండి. మా చర్చి ఎన్నికలు ఈస్టర్ తరువాతి ఆదివారమే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మెట్టుగూడ, సికింద్రాబాద్