ఆ ‘గురించి’ గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి పదిరోజులైంది. తిట్టుకోకు, ఆఫీసులో పరువు పోయిన దిగులులో ఉన్నాను. కస్టమర్‌కి పంపాల్సిన మెయిల్‌లో ‘డిస్కస్ అబౌట్ ద ప్రాబ్లమ్’ అని రాశాను. మా మేనేజరమ్మ దాన్ని మీటింగ్‌లో తెర మీద పెట్టి, అందరి ముందూ ‘అబౌట్’ని కొట్టేసింది. పదిహేనేళ్లుగా ఇలాగే రాస్తున్నానురా!

ఇంటికొచ్చి ఆలోచిస్తే తప్పు ఎక్కడ పుట్టిందో దొరికింది. ‘నిన్, నున్, లన్, కూర్చి, గురించి – ద్వితీయా విభక్తి’ అని బడిలో గొంతు చించుకునేవాళ్లం, గుర్తుందా? ‘ను’, ‘గురించి’ ఒకే గూటి పక్షులు. ‘సమస్యను చర్చించాం’ అన్నా, ‘సమస్య గురించి చర్చించాం’ అన్నా మనకు చెల్లుతుంది. ఇంగ్లీషు ‘డిస్కస్’కి మాత్రం ఆ ‘గురించి’ కడుపులోనే ఉంది, మళ్లీ బయట తగిలించకూడదు. ‘టాక్’కి అయితే తగిలించాల్సిందే.

ఇంకో తిరకాసు ఉంది. అదే మాట నామవాచకమైతే లెక్క మారిపోతుంది. ‘డిస్కషన్ అబౌట్’ సరైనదే. ‘ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్’ సరైనదే, ‘ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్’ తప్పు. మనం రాసిన సెలవు చీటీలన్నీ తలుచుకో! బిర్యానీ కూడా అంతే: ఆర్డర్ ‘ఇస్తే’ ఫర్ కావాలి, ఆర్డర్ ‘చేస్తే’ అక్కర్లేదు.

ఫలానా అమ్మాయితో పెళ్లయింది అంటాం కదా, అందుకే ‘మ్యారీడ్ విత్’ అని రాసేస్తాం. వాళ్లకది ‘టు’. నీ శుభలేఖలోనూ ‘విత్’ ఉంది, కానీ అక్కడ ముందున్నది ‘మ్యారేజ్’ కాబట్టి వదిలేశాను. ‘వెయిట్ ఫర్’, ‘డిపెండ్ ఆన్’ మనల్ని ఏడిపించవు. కోసం ఎదురుచూస్తాం, మీద ఆధారపడతాం, అచ్చం మన లెక్కే.

ఇప్పుడు డిక్షనరీలో అర్థం ఒక్కటే చూసి మూసేయడం లేదు, ఉదాహరణ వాక్యం కూడా చదువుతున్నాను. ఏ క్రియ వెనక ఏమొస్తుందో చూపించే నిఘంటువును జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన హార్న్‌బీ అనే ఆయన తయారుచేస్తే, 1942లో అక్కడే అచ్చయింది. జపాన్ వాళ్లకూ మనలాగే విభక్తులు మాట వెనకాలే వస్తాయి. మన తిప్పలే వాళ్లవీ!

అన్నట్టు, ‘ఆన్సర్’కి టు అక్కర్లేదు, ‘రిప్లై’కి కావాలి. ఈ రెండింట్లో నువ్వు ఏది చేసినా సరే, త్వరగా చెయ్యి.

నీ
సత్యం