మైత్రీ భావన శిబిరంతో ఆగిపోకూడదు

సంపాదకులకు నమస్కారం.

పదిరోజుల విపశ్యన ధ్యాన శిబిరం చివర్లో నేర్పే మైత్రీ భావనను, అంటే అందరి క్షేమాన్నీ మనసారా కోరుకునే సాధనను, ఇళ్లకు చేరిన కొద్ది రోజులకే చాలామంది విడిచిపెట్టడం బాధ కలిగిస్తోంది. 5వ శతాబ్దపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు ‘విశుద్ధిమార్గం’ అనే గ్రంథంలో ఈ సాధనను శత్రువుతో మొదలుపెట్టవద్దని హెచ్చరించి, ముందు తనకు, తర్వాత గురుతుల్యులకు, ఆప్తులకు, ఆపై ఇష్టమూ ద్వేషమూ లేని మధ్యస్థులకు, చివరకు విరోధికి క్షేమం కోరుకోవాలని క్రమం చెప్పాడు. నా దృష్టిలో నిత్యజీవితానికి అత్యంత ఉపకరించేది ఆ మధ్యస్థుల మెట్టే. తెల్లవారకముందే గుమ్మం దగ్గర పాల ప్యాకెట్లు పెట్టి వెళ్లే కుర్రాడినీ, కిక్కిరిసిన బస్సులో చిల్లర కోసం సంచి తడుముకునే ఆర్టీసీ కండక్టర్‌నూ మనం రోజూ చూస్తాం, కానీ వారి బాగు గురించి ఆలోచించం. ‘ఇతడు సుఖంగా ఉండుగాక’ అని ఆ క్షణంలోనే మనసారా అనుకోవడానికి ప్రత్యేక ఆసనం, ఏకాంతం అక్కర్లేదు. నిలబడినా, నడిచినా, కూర్చున్నా, పడుకున్నా మెలకువగా ఉన్నంతసేపూ ఈ స్మృతిని, అంటే ఎరుకను, నిలుపుకోవాలని బుద్ధుడి బోధ అయిన కరణీయ మైత్రీ సూత్రమే చెబుతోంది. అన్యాయాన్ని ప్రశ్నించేవారికి కూడా ఇది అడ్డు కాదు. ద్వేషం లేకుండా ప్రశ్నించవచ్చు.

బుద్ధపూర్ణిమకు అమరావతి, నాగార్జునకొండల చరిత్రను ప్రచురించేటప్పుడు, ఈ సాధనాక్రమాన్ని కూడా అనుభవజ్ఞులతో రాయించాలని మనవి.

– ఒక పాఠకురాలు, గుంటూరు