ముసురు మబ్బుకూ ఉరుముల మబ్బుకూ ఒకటే పేరా? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా మనవరాలు ఐదో తరగతి చదువుతోంది. మొన్న యూనిట్ టెస్టులో 'వాన కురిపించే మేఘం ఏది?' అని ఒక మార్కు ప్రశ్న వచ్చిందట. మా పిల్ల, 'రెండున్నాయి. ముసురు పట్టే మబ్బు ఒకటి, ఉరిమే మబ్బు ఒకటి' అని రాసింది. పేపరు మీద ఎర్ర ఇంకుతో ఇంటూ, పక్కన 'నింబస్' అని దిద్దుబాటు. బడి పేరు ఎందుకు లెండి. ఆ టీచరమ్మ మీద కూడా నాకు కోపం లేదు. చేతిలో ఉన్న గైడు ఏం చెబితే అదే దిద్దింది. ఒక్క మార్కు పోయిందని మంత్రికి లేఖ రాస్తారా అని మా ఆవిడ కూడా అన్నది. కానీ ఆ జవాబు నేర్పింది నేనే. పైగా అది సరైన జవాబు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. వాతావరణ పరిశీలకుడిగా పనిచేసి రిటైరయ్యాను. రాత్రనక పగలనక మూడు గంటలకోసారి బయటికొచ్చి తలెత్తి చూడటమే నా ఉద్యోగం. ఆకాశాన్ని మనసులోనే ఎనిమిది పాళ్లు చేసుకుని, ఎన్ని పాళ్లు మబ్బు కమ్మింది, కింద ఉన్నదేది, నడుమ ఉన్నదేది, పైన ఉన్నదేది అని అంకెల్లో రాసి పంపేవాణ్ణి. ఇప్పుడు పెన్షన్ తీసుకుంటున్నా మెడ మాత్రం ఇంకా పైకే లేస్తుంది. రామ్‌నగర్‌లో మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు గల్లీ పిల్లలు ఏడెనిమిది మంది చేరతారు. మబ్బులు చూస్తాం. పల్లీలు తింటాం. అంతే.

ఇక నింబస్ సంగతి. 1802లో లండన్‌లో ల్యూక్ హోవర్డ్ అనే మందుల తయారీదారు ఒక ఉపన్యాసంలో మబ్బులకు లాటిన్ పేర్లు పెట్టాడు. సిర్రస్ అంటే వెంట్రుకల కుచ్చు, క్యుములస్ అంటే కుప్ప, స్ట్రాటస్ అంటే పరిచిన పొర, నింబస్ అంటే వాన మబ్బు. మహానుభావుడు, ఆ పేర్లతోనే మేమంతా బతికాం. కానీ ఆయన తర్వాత రెండు వందల ఏళ్లు గడిచాయి. ఇవాళ ప్రపంచ వాతావరణ సంస్థ అట్లాసు తెరిస్తే మబ్బుల్లో పది ప్రధాన రకాలుంటాయి. వాటిలో ఒంటి నింబస్ లేనే లేదు. నింబోస్ట్రాటస్ ఉంది, క్యుములోనింబస్ ఉంది. ఒకటి పరుచుకునేది, ఇంకొకటి పైకి పెరిగేది. ఆ రెంటినీ ఒకే గాటన కట్టేసి 'వాన మేఘం నింబస్' అని పిల్లలకు వల్లె వేయిస్తున్నాం.

ఒకే గాటన కడితే ఏం పోతుంది అంటారా? మొదటిది, నింబోస్ట్రాటస్, ఆకాశమంతా తడిసిన బొంత కప్పినట్టు ఉంటుంది. సూర్యుడు ఎక్కడున్నాడో కూడా తెలియదు. అంచు ఉండదు, ఆకారం ఉండదు. గంటల తరబడి, ఒక్కోసారి రోజంతా, ఒకే తీరున సన్నగా పడుతూనే ఉంటుంది. బట్టలు ఆరవు, గోడలు చెమ్మగిల్లుతాయి, మిర్చి బజ్జీల బండి దగ్గర గిరాకీ పెరుగుతుంది. పిల్లాడు గొడుగు వేసుకుని బడికి పోవచ్చు. రెండోది, క్యుములోనింబస్, పొద్దున లేనే లేదు, సాయంత్రానికి ఊరి మీద ఉంటుంది. మన ఉష్ణమండలంలో పదిహేను కిలోమీటర్లు, ఇంకా పైకి కూడా పెరుగుతుంది. ఎవరెస్టు మీద ఇంకో ఎవరెస్టు ఎక్కించినంత. ఈదురుగాలి, ఉరుము, పిడుగు, రాళ్లవాన అన్నీ దాని కడుపులోవే. మొదటి మబ్బుకు గొడుగు చాలు. రెండో మబ్బు వస్తుంటే గొడుగు పట్టుకుని గ్రౌండులో నిలబడకూడదు. ఈ తేడా తెలియని పిల్లాడికి ఒక మార్కు వచ్చింది, తెలిసిన పిల్లకు సున్నా వచ్చింది.

తమాషా ఏమిటంటే మన భాషకు ఈ తేడా ముందే తెలుసు. ముసురు అంటాం, జడివాన అంటాం, గాలివాన అంటాం, తుంపర అంటాం. మా నాయనమ్మ వాకిట్లో నిలబడి 'మొగులైంది, ఒడియాలు తియ్యండి' అనేది. మొగులు అనే మాట మా గల్లీ పిల్లల్లో ఒక్కరికి తెలుసు, వాడు కూడా దసరాకు పాలమూరు వెళ్లొస్తాడు కాబట్టి. మిగతా వాళ్లకు క్లౌడ్. సింగిడి అంటే ఎవరికీ తెలియలేదు, రెయిన్‌బో అన్నాక 'ఓ' అన్నారు. ఎల్లో అలర్టు, ఆరెంజ్ అలర్టు, రెడ్ అలర్టు మాత్రం బాగా తెలుసు. ఏ రంగుకు సెలవిస్తారో ఇంకా బాగా తెలుసు!

సామెతలన్నీ నిజమని కూడా నేను చెప్పను. 'ఉరిమే మబ్బు కురవదు' అన్నది మనుషుల గురించి చెప్పుకోవడానికి బాగుంటుంది, ఆకాశానికి మాత్రం పనికిరాదు. ఉరిమిందంటే ఎక్కడో పిడుగో మెరుపో పుట్టిందనే అర్థం. కురవకపోయినా చంపగలదు. వాన పడుతున్న చోటికి పది కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడొచ్చు. వరదగుడి, అంటే చంద్రుడి చుట్టూ కనపడే వెలుగు వలయం, దాని సామెత మాత్రం పిల్లలకు నేర్పదగ్గది. చంద్రుడి చుట్టూ గుడి దగ్గరగా కడితే వాన దూరం, దూరంగా కడితే వాన దగ్గర అంటారు. దూరపు గుడి మంచు పలుకులున్న పల్చటి పై మబ్బు వల్ల కడుతుంది. చెయ్యి బారుగా చాపి చంద్రుడి మీద బొటనవేలు ఆనించి జాన పెడితే, చిటికెన వేలు చివర ఎక్కడికొస్తుందో దాదాపు అక్కడే ఆ గుడి గీత ఉంటుంది. మన దగ్గర ప్రతి గుడికీ వాన రాదు. అయినా ఒక రాత్రి మేడ మీద పిల్లలంతా చేతులు చాచి చంద్రుణ్ణి జానలతో కొలుస్తుంటే చూడాలి మీరు.

వేళ్లతో ఇంకో కొలత ఉంది, అది మాకు ఉద్యోగంలో నేర్పిన అసలు పాఠం. ఆకాశంలో గొర్రెల మందలా తునకలు తునకలుగా మబ్బులుంటే అవి ఎంత ఎత్తున ఉన్నాయో ఎలా తెలుస్తుంది? చెయ్యి చాపు. ఒక్కో తునక మూడు వేళ్ల వెడల్పు దాటితే అది కింది మబ్బు, స్ట్రాటోక్యుములస్. చిటికెన వేలికీ మూడు వేళ్లకూ మధ్య ఉంటే నడిమి మబ్బు, ఆల్టోక్యుములస్. చిటికెన వేలి వెనక దాక్కునేంత సన్నగా ఉంటే పై మబ్బు, సిర్రోక్యుములస్. అంచున ఉన్నవి చూడకూడదు, కాస్త తల పైకెత్తి చూసేవే కొలవాలి. ల్యాబు అక్కర్లేదు, కిట్టు అక్కర్లేదు. నాలుగో తరగతి పిల్లాడు రెండు ఆదివారాల్లో నేర్చుకున్నాడు.

పోయిన వేసవి సాయంత్రం ఒకటి చెప్పాలి. పగలంతా ఉక్క. మధ్యాహ్నానికి మౌలాలి గుట్ట వైపు నాలుగు దూది ఉండలు, అడుగున కత్తితో కోసినట్టు అన్నీ ఒకే మట్టంలో చదునుగా. ఎందుకు ఒకే మట్టం అని అడిగిందొక పిల్ల. వేడెక్కి పైకి లేచిన గాలి కిలోమీటరుకు పది డిగ్రీల చొప్పున చల్లబడుతుంది, ఏ ఎత్తులో దాని ఆవిరి నీటి చుక్కలవుతుందో అక్కడ మబ్బు మొదలవుతుంది, అందుకని అన్నింటి అడుగూ ఒకే ఎత్తున ఉంటుంది అని చెప్పాను. మూడు దాటేసరికి అందులో ఒకటి గోబీ పువ్వులా పొంగింది. నాలుగున్నరకు దాని తల మెత్తబడి, అంచులు పీచులా సాగి, కమ్మరి దాగలిలా అడ్డంగా పరుచుకుంది. మాకు పడమటి ఎండ ఇంకా ఉంది, ఎదురుగా అది తెల్లగా మెరుస్తోంది. కింద గ్రౌండులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. వాళ్లకు మీద నీలాకాశమే. అప్పుడు చల్లటి గాలి ఒక్కసారి కొట్టింది, మట్టి వాసనతో. ఆ చల్లగాలి మబ్బులోంచి కిందికి దూకి ముందే పరుగెత్తుకొచ్చేది. అది తగిలాక చేతిలో ఉండేవి నిమిషాలే. పాలమూరు పిల్లాడు పిట్టగోడ మీదుగా 'అరేయ్, వికెట్లు తీసి ఇంట్లకు పోండ్రా' అని అరిచాడు. మెరుపు మెరిసింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టాం. పద్దెనిమిదికి ఉరిమింది. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు, అంటే ఆరు కిలోమీటర్లు. ముప్పై లోపు వినబడితే లోపలికి పోవాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. మేమూ దిగిపోయాం.

మంత్రి గారూ, దేశంలో పిడుగులకు ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. ఎక్కువ మంది చేలల్లో, చెట్ల కింద. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది, బేగంపేటలో రాడార్ ఉంది, రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. అన్నీ మంచివే. కానీ గొర్రెలు కాసే పిల్లాడి చేతిలో ఫోను ఉండదు, గ్రౌండులో ఆడే పిల్లాడి ఫోను బ్యాగులో ఉంటుంది. ఇంకో చిక్కు ఉంది. మన దగ్గర ఈ ఉరుముల మబ్బులు విజృంభించేది ఏప్రిల్, మే నెలల్లో. బడులకు సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. అంటే ఆ మబ్బు వచ్చే వేళకు పక్కన టీచరు ఉండడు. మబ్బుల పాఠం పుస్తకంలో ఏ నెలకు వస్తే ఆ నెలకు చెప్పడం కాదు, ఫిబ్రవరి, మార్చిలోనే చెప్పి తీరాలి. మార్చి 23 ఎలాగూ ప్రపంచ వాతావరణ దినం.

రెండు మబ్బులూ కలిసి వచ్చే రోజులూ ఉంటాయని దాచను. వాయుగుండం వస్తే ముసురు బొంతలోనే ఉరుముల మబ్బులు నక్కి ఉంటాయి, కింద నిలబడ్డవాడికి ఆకారం కనపడదు. 2020 అక్టోబరు 13 రాత్రి వాయుగుండం మన మీదికి వచ్చినప్పుడు బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు కురిసింది. ఆ రాత్రి మబ్బు చూసి తెలుసుకోవడానికి ఏమీ లేదు, రాడార్నే నమ్మాలి. ఎప్పుడు కన్ను చాలదో తెలియడం కూడా మబ్బు చదవడంలో భాగమే అని పిల్లలకు చెబుతాను.

నేను అడిగేది చిన్నది. ప్రార్థనకు ముందు అయిదు నిమిషాలు, ఒక తరగతి పిల్లలు బయట నిలబడి ఆకాశం చూసి ఒక పుస్తకంలో రాయాలి. ఎనిమిది పాళ్లలో ఎన్ని, ఏ మబ్బు, గాలి ఎటు, నిన్న ఎంత వాన. వాన కొలవడానికి పక్కలు నిటారుగా ఉన్న నీళ్ల సీసా మెడ కోసి, తలకిందులుగా గరాటులా దానిలోనే పెట్టి, అడుగున ఎగుడుదిగుడు మునిగేదాకా గులకరాళ్లు, నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీసి స్కేలు అంటిస్తే చాలు. దయచేసి దీనికి టెండరు పిలవకండి. టెండరు పిలిచిన మరుక్షణం అది మబ్బుల చార్టయి, లామినేషనయి, హెడ్మాస్టరు గది గోడెక్కి కూర్చుంటుంది. మార్కులు కూడా పెట్టకండి. పిల్లలు మబ్బును చూసి తప్పు పేరు చెప్పాలి, సాయంత్రం వాన చూసి దిద్దుకోవాలి. మా ఉద్యోగంలో మేమూ అంతే.

ప్రైవేటు బడులకు ఇంకో మాట. నగరంలో చాలా బడులకు గ్రౌండు లేదు, అయిదంతస్తుల అపార్టుమెంటే బడి. ఆకాశం కనిపించేది మేడ మీదే, దానికి తాళం. భద్రత కోసమే, తప్పు పట్టను. పిట్టగోడ ఎత్తుగా ఉన్న చోట, టీచరు తోడుగా, వారానికొక్కసారి ఆ తాళం తీయమని ఒక ఉత్తర్వు ఇవ్వండి.

మబ్బు బరువెంత తాతా అని ఒకడు అడిగాడు. కిలోమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మామూలు దూది మబ్బులో అయిదు వందల టన్నుల నీళ్లుంటాయి, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు వంద అని లెక్క చెప్పాను. వాళ్ల అపార్టుమెంటుకు వేసవిలో రోజుకు రెండు ట్యాంకర్లొస్తాయి. వాడు చాలాసేపు పైకే చూస్తూ, 'అది ఎవరికి బుక్ అయింది?' అన్నాడు. మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకోవడం అంటే ఏమిటో ఆ సాయంత్రమే చెప్పాను.

చివరగా ఒక మనవి. వాన కురిపించే మేఘం ఏది అనే ప్రశ్న మళ్లీ వార్షిక పరీక్షలో వచ్చేట్టుంది. 'ఈసారి ఏం రాయమంటావు తాతా' అని మా మనవరాలు రోజూ అడుగుతోంది. మంత్రి గారి జవాబు వచ్చాక చెబుతానన్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వాతావరణ పరిశీలకుడు,
రామ్‌నగర్, హైదరాబాద్